నా మీద తెగిన చేపలు

చింతచెట్టు మొదలును అడ్డంగా కోస్తే వచ్చిన ముక్కను నేను. పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో ఒక చెరువు గట్టున. బతుకుతున్నది ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయి ఉక్కు నగరంలో, ఖుర్సీపార్ వైపు రోడ్డు వారగా కూర్చునే చేపల వరుసలో. వేటమాంసం కొట్టేవాళ్ళయినా చేపలు కోసేవాళ్ళయినా చింతమొద్దునే కోరుకుంటారు. చేవదేరిన చింతకర్ర కత్తి దెబ్బకు పెచ్చులూడదు, ముక్కలకు నలుసు అంటనివ్వదు. అందుకే మా అత్త పుట్టింటికి వెళ్ళినప్పుడు నన్ను కోయించి, గోనెసంచిలో చుట్టి, సమతా ఎక్స్‌ప్రెస్‌లో సీటు కిందికి తోయించి, దుర్గ్ స్టేషన్ దాకా తెచ్చుకుంది.

అత్త అని నేనొక్కదాన్నే కాదు, వరుసంతా అలాగే పిలుస్తుంది. ఛత్తీస్‌గఢీ వాళ్ళు మాత్రం దాయీ అంటారు. ఆమె మామగారు ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో మట్టి మోయడానికి వచ్చిన మనిషి. 1955లో సోవియట్ దేశంతో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ ఫర్నేస్ వెనకాలే ఉత్తరాంధ్ర పల్లెలు కొన్ని రైలెక్కి ఇక్కడికి వచ్చేశాయి. ఉద్యోగం పర్మనెంటు అయినవాళ్ళు సెక్టార్లలో క్వార్టర్లకు వెళ్ళారు, కానివాళ్ళు క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో ఇళ్ళు వేసుకున్నారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది, ఆదివారం మధ్యాహ్నం ఏ వీధిలో తెలుగువాళ్ళున్నారో పులుసు వాసన చెబుతుంది. ఆ పులుసులోకి వెళ్ళే చేపలు నా మీద తెగుతాయి కాబట్టి, ఈ ఊరి తెలుగువాళ్ళ ఆరోగ్యంలో నాకూ ఒక వంతు ఉందని నేను నమ్ముతాను.

నా దగ్గరికి చేప రెండు దారుల్లో వస్తుంది. ఒకటి లారీ దారి. కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె ఐసు వేసిన పెట్టెల్లో వస్తాయి. రెండోది ఊరి దారి. చుట్టుపక్కల చెరువుల్లో ధీమర్లు, కేవట్లు అనే జాలరులు వల వేసి తెల్లారేసరికి తెచ్చేవి. దుర్గ్ జిల్లా చెరువుల సీమ. ధమ్‌ధా అనే ఊరికి ‘ఛై ఆగర్ ఛై కోరీ’ చెరువులని పేరు, అంటే ఆరు ఇరవైల మీద ఆరు, మొత్తం 126. ఊరందరి వాడకంలో ఉండే చెరువును ఇక్కడ నిస్తారీ తలాబ్ అంటారు. జనం స్నానాలు చేసేదీ, బట్టలుతికేదీ, గేదెలు దిగేదీ అందులోనే, చేప పెరిగేదీ అందులోనే.

బేరానికి వచ్చేవాళ్ళు ఊరి చేపకు రెండు రూకలు ఎక్కువ ఇస్తారు. తొట్టెలో తోక కొట్టుకుంటుంటే ఇంకో మాట అడగరు. ప్రాణంతో ఉన్న చేప తాజాదే, అందులో సందేహం లేదు. కానీ దాని పేగుల్లో చెరువు నీటిలో ఉన్నదంతా ఉంటుంది. ఈ.కోలై, సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవులు చేపకు పుట్టుకతో వచ్చినవి కావు. మనుషుల, పశువుల పేగుల నుంచి నీటిలోకి, నీటిలోంచి చేప పొట్టలోకి చేరతాయి. తోక కొట్టుకోవడం చూసి వాటి సంగతి ఎవరూ చెప్పలేరు.

అలాగని చేప మురికిది అనుకునేరు. ఆరోగ్యంగా ఉన్న చేప కండలో సూక్ష్మజీవులే ఉండవు. ఉండేవన్నీ మూడు చోట్ల: ఒంటి మీది జిగురులో, మొప్పల్లో, పేగుల్లో. జిగురులో చదరపు సెంటీమీటరుకు వందల నుంచి కోటి దాకా, మొప్పల్లో పేగుల్లో గ్రాముకు వేల నుంచి వంద కోట్ల దాకా ఉండవచ్చని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. బతికున్నంతకాలం చేప వాటిని కండలోకి రానివ్వదు. చచ్చాక ఆ కాపలా పోతుంది. అప్పటి నుంచి కండను కాపాడాల్సినవాళ్ళం మేము: చలువ, నీళ్ళు, కత్తి, చెయ్యి, నేను.

అప్పట్లో అత్త చేప కోసిన తీరు చెబుతాను. శీలావతిని నా మీద పడుకోబెట్టి తోక నుంచి తల వైపుకు పొలుసు గీకుతుంది. పొలుసులు చిమ్మి ఆమె చీర మీదా, పక్క తట్టలో అంతకుముందు కోసిపెట్టిన ముక్కల మీదా పడతాయి. మొప్పలు తిప్పి లాగేస్తుంది. ఆ తర్వాత పొట్ట చీరడం. అత్త చెయ్యి తిరిగిన మనిషి, కత్తి మొనను పైపైనే నడిపి పేగులను చుట్టగా బయటికి తీస్తుంది. కానీ ఆదివారం పూట ముందు పదిమంది నిలబడి తొందరపెడుతుంటే మొన ఒక వెంట్రుకవాసి లోతుకు దిగుతుంది. పేగు తెగుతుంది. ఆకుపచ్చగా, నల్లగా ఒక రసం కారి నా గాట్లలోకి దిగుతుంది. అత్త బకెట్టులోంచి చెంబుడు నీళ్ళు తీసి నా మీద కొడుతుంది, నీళ్ళతో పాటు ఆ రసం నలుమూలలా పాకుతుంది. అదే కత్తితో, అదే చోట, ఆ చేపనే ముక్కలు చేస్తుంది. అప్పటిదాకా శుభ్రంగా ఉన్న కండకు ఆ క్షణంలో అంటుకుంటుంది. చెరువులో ఉన్నన్నాళ్ళూ, లారీలో వచ్చినన్నాళ్ళూ అంటనిది, ఇంటికి వెళ్ళడానికి కాస్త ముందు, నా మీద.

ఆ తర్వాత పని వేడి చేస్తుంది. అనువైన వెచ్చదనంలో ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఒక్కటి ఏడు గంటల్లో 20 లక్షలు దాటుతుంది. మే నెలలో భిలాయి ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. నీడపట్టున పెట్టిన తట్ట కూడా వాటికి పొదిగే గూడే. అదే చేపను పట్టిన వెంటనే చేపకు సమానంగా ఐసు వేసి సున్నా డిగ్రీల దగ్గర ఉంచితే, శీలావతిలాంటి మంచినీటి చేప రెండు వారాల దాకా తినదగ్గట్టు ఉంటుంది. ఐసు లేకపోతే ఎండాకాలంలో ఒక్క పూట. ఈ లెక్క మా వరుసకు వచ్చే ప్రతి మనిషికీ తెలియాలని నాకు ఎంత కోరికో! నడుము లోతు ఐసులో కూరుకుని వచ్చిన లారీ చేప, పొద్దున పట్టి సాయంత్రం దాకా గోనెపట్టా మీద ఆరబెట్టిన ఊరి చేపకంటే మంచిది కావచ్చు. ఎంత దూరం నుంచి వచ్చిందన్నది కాదు, ఎంత చల్లగా వచ్చిందన్నది అడగాలి.

2018లో ఆ లారీ దారి మీద పెద్ద దెబ్బ పడింది. జూన్‌లో కేరళలో ‘ఆపరేషన్ సాగర్ రాణి’ పేరుతో జరిగిన తనిఖీల్లో ఫార్మలిన్ కలిపిన సరుకు వేల కిలోల్లో దొరికింది. జులైలో అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపను, ముఖ్యంగా ఆంధ్ర చేపను, పది రోజులు ఆపేసింది. ఆ వార్తలూ వీడియోలూ ఫోన్లలో భిలాయికీ వచ్చాయి. అత్త తట్ట ముందు నిలబడి, ‘ఆంధ్రాదా? వద్దు’ అని తెలుగువాళ్ళే తిరిగి వెళ్ళిపోయారు. భయపడటంలో తప్పేమీ లేదు. ఫార్మలిన్ శవాలను పాడవకుండా ఉంచే మందు. అందులో ఉండే ఫార్మాల్డిహైడ్ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే తేల్చింది. ఆహారంలో దాన్ని కలపడానికి మన చట్టం ఒప్పుకోదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ శాస్త్రజ్ఞులు 2018 జనవరికే, చేప మీద రుద్ది చూసే కాగితం పట్టీల కిట్టు తయారుచేసి ఇచ్చారు. కొన్ని నిమిషాల్లో ఫార్మలిన్ ఉందో లేదో తెలిసిపోతుంది.

ఆ రోజుల్లోనే ఒక పరీక్షల బండి మా వరుస ముందు ఆగింది. అందులోంచి దిగిన అమ్మాయి అత్త తట్టలోని బొచ్చె ఒంటి మీద పట్టీ రుద్దింది, దాని మీద మందు చుక్క వేసింది. చుట్టూ జనం మూగారు. రంగు మారలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ అమ్మాయి లేవబోతూ అత్త బకెట్టు వైపు చూసి, ‘దాయీ, ఈ నీళ్ళు ఎప్పుడు మార్చారు?’ అని హిందీలో అడిగింది.

ఆ బకెట్టును నేను పొద్దున్నుంచీ చూస్తున్నాను. నీళ్ళు మొదట్లో తేటగా ఉన్నాయి. పదిగంటలకు లేత గులాబీ రంగు తిరిగాయి. మధ్యాహ్నానికి గోధుమరంగు. పైన పొలుసులు, అంచున తెల్లని నురుగు వలయం. కత్తి కడిగేది అందులోనే, చేతులు ముంచేది అందులోనే, నన్ను తుడిచే గుడ్డ పిండేది అందులోనే. కొన్నవాళ్ళు ‘అత్తా, ఒకసారి కడిగి ఇయ్యి’ అంటే ముక్కలు జాడించి ఇచ్చేదీ అందులోనే. కళ్ళు చూసి, మొప్పలు ఎత్తి ఎరుపు చూసి, కండను వేలితో నొక్కి, తిరిగి లేస్తుందా లేదా అని చూసి, అంత జాగ్రత్తగా ఏరుకున్న చేపను ఆ నీళ్ళలో ముంచి ఇంటికి తీసుకెళతారు! వందల మైళ్ళ అవతల ఎవడో కలిపాడేమోనన్న మందు గురించి అంత గొడవ పడిన మనుషులు, కళ్ళ ముందున్న బకెట్టు గురించి నోరు మెదపలేదు. నా జీవితంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

అత్తకు ఆ రోజు కోపం వచ్చింది. ‘నా సేప తిని ఎవురికీ ఏటీ అవ్వనేదమ్మా’ అంది. ఆమె మాట అబద్ధం కాదు. మన పులుసు ఆమెను కాపాడింది. చింతపండు రసంలో ముక్క తెర్లితెర్లి ఉడికితే ఈ.కోలై, సాల్మొనెల్లా మిగలవు. కానీ పులుసు గిన్నెలోకి వెళ్ళేలోపు ఆ ముక్కలు చాలా చోట్ల తిరుగుతాయి. సంచిలోంచి కారిన నీళ్ళు ఫ్రిజ్‌లో కింది అరలోని కొత్తిమీర మీద పడతాయి. ముక్కలు సరిచేసిన కత్తిపీట మీదే ఉల్లిపాయ చక్రాలు తరుగుతారు, అవి పచ్చిగానే కంచంలోకి వస్తాయి. సింకులో కుళాయి జోరుగా తిప్పి కడిగితే తుంపరలు పక్కన బోర్లించిన పళ్ళాల మీదికి ఎగురుతాయి. ఉడికితే ముప్పంతా పోతుందన్నదీ పూర్తి నిజం కాదు. చేతి మీద చీముపట్టిన గాయం నుంచి వచ్చే స్టాఫిలోకాకస్, వెచ్చగా ఉంచిన ముక్కల మీద పెరిగి విషం వదిలితే, సూక్ష్మజీవి మరుగులో చచ్చినా ఆ విషం మిగులుతుంది.

అత్త మారింది ఆ అమ్మాయి మాటకు కాదు, తన చేతికి దెబ్బ తగిలాక. ఒక వానాకాలం టెంగరా చేప ముల్లు ఆమె అరచేతిలో దిగింది. ఎప్పుడూ గుచ్చుకునేదే కదా అని పసుపు అద్ది, మళ్ళీ కోతకు కూర్చుంది. రెండోరోజుకు మణికట్టు దాకా ఎర్రగా పొంగింది, జ్వరం వచ్చింది. డాక్టరు చూస్తూనే, ఏ పని చేస్తావని అడిగి, మంచినీటి చేపల మీద ఉండే ఏరోమోనాస్‌లాంటి సూక్ష్మజీవులు గాయంలోంచి లోపలికి పోతాయని చెప్పి ఇంజెక్షన్లు రాశాడు. అత్త లేని ఆ రోజుల్లో నేను గోడకు ఆనించి ఉన్నాను.

ఇది మా వరుసకే పరిమితమైన ముప్పు కాదు. 2015లో సింగపూర్‌లో పచ్చి మంచినీటి చేప ముక్కలు గంజితో నంజుకుని తిన్నవాళ్ళు పెద్దసంఖ్యలో జబ్బుపడ్డారు. గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్‌లో ఎస్‌టీ 283 అనే రకం కారణమని తేలింది. మునుపు ఆ జబ్బు చంటిపిల్లలకూ, ఒంట్లో బలం లేనివాళ్ళకూ వస్తుందనుకునేవారు. అప్పుడు మాత్రం ఏ రోగమూ లేని పెద్దవాళ్ళకు నెత్తురులోకి పాకింది. డిసెంబరులో అక్కడి ప్రభుత్వం మంచినీటి చేపను పచ్చిగా వడ్డించడాన్ని నిషేధించింది. 2021లో హాంకాంగ్‌లో అదే రకం మళ్ళీ కనిపించింది. ఈసారి పచ్చిగా తిన్నవాళ్ళే కాదు, చేపను ముట్టుకున్నవాళ్ళూ జబ్బుపడ్డారు. గాయం ఉన్న చేత్తో పచ్చి చేపను పట్టుకోవద్దని అధికారులు కొనేవాళ్ళకూ అమ్మేవాళ్ళకూ చెప్పారు. చేప తినేవాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. రోజంతా చేపల్లో చేతులు పెట్టుకుని బతికే ఆడవాళ్ళ గురించి రాసేవాళ్ళు తక్కువ. అత్త అరచేతిలో ఎన్ని గాట్లున్నాయో నాకు తెలుసు.

నా సంగతికి వస్తాను. చెక్క మీద క్రిములు దాక్కుంటాయి, ప్లాస్టిక్ పలకలు తెచ్చుకోండని అంటుంటారు. అమెరికాలో డీన్ క్లైవర్ అనే శాస్త్రజ్ఞుడు 1990లలో దీన్ని పరీక్షించి చూశాడు. చెక్క మీద పోసిన క్రిములు తడితో పాటు లోపలికి పీల్చుకుపోయి, చెక్క ఆరేకొద్దీ చచ్చిపోయాయి. కత్తి గాట్లు పడిన ప్లాస్టిక్‌లో మాత్రం గాట్లలోనే నిలిచి ఉన్నాయి, కడిగినా తేలిగ్గా పోలేదు. ఈ మాట విని నేను గర్వపడాలి. కానీ ఆ చెక్కకు ఆరే సమయం ఇచ్చారు. నేను పొద్దున తడిస్తే రాత్రి గోనెపట్టా కింద కూడా తడిగానే ఉండేదాన్ని. ఆరని చెక్కకు ఆ గుణం పనిచేయదు. ఎండ తగిలితే నా ఒళ్ళు నన్ను కాపాడుకుంటుంది, తడిగా కప్పేస్తే నా గాట్లలో రాత్రంతా వాటి సంసారం.

చెయ్యి మానాక అత్త కొన్ని మార్చింది. వరుసలో మగవాళ్ళు నవ్వినా మార్చింది. కుళాయి ఉన్న పాత డ్రమ్ము ఒకటి కొని బల్ల మీద ఎత్తి పెట్టింది. ఇప్పుడు బకెట్టులో ముంచడం లేదు, పారే నీళ్ళలోనే కడుగుతుంది. పొలుసూ పేగూ తీసే పని నా మీద, ముక్కలు చేసే పని వేరే పలక మీద. రెండిటికీ రెండు కత్తులు. సాయంత్రం నన్ను కత్తి వెన్నుతో గీకి, గల్లుప్పు వేసి రుద్ది, సలసల మరిగే నీళ్ళు పోసి, పొద్దున తూర్పు ఎండకు ఒరిగించి నిలబెడుతుంది. ఏడాదికోసారి వడ్రంగి వచ్చి నా పైపొర చిత్రిక పట్టి పోతాడు. ప్రతిసారీ కొంచెం పలచబడతాను. అయినా ఆ రోజు నాకు పండగే. పాత గాట్లన్నీ పోయి కొత్త చేవ బయటపడుతుంది.

మారనిది ఐసు. దిమ్మలను సైకిల్ రిక్షా మీద కప్పు లేకుండా తెస్తారు, వరుస దగ్గర రోడ్డు మీదికి దొర్లిస్తారు, ఇనుప కొక్కెంతో ఈడ్చుకొస్తారు, గోనెసంచిలో వేసి దుడ్డుకర్రతో కొడతారు. రోడ్డు మీది మట్టీ ఉమ్మీ అంటుకున్న ఆ ముక్కలే చేప మీద పరుస్తారు. గడ్డకట్టినంత మాత్రాన క్రిములన్నీ చావవు, మిగిలినవి నిద్రపోతాయి, కరిగిన నీటితో లేస్తాయి. తినేవాటిని తాకే ఐసును తాగే నీటితోనే చేయాలి. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2018లో ఆదేశాలిచ్చింది. మా దగ్గరికి వచ్చే దిమ్మ తెల్లగానే ఉంటుంది. ఏ నీళ్ళతో చేశారని అత్త రిక్షా కుర్రాణ్ణి అడిగింది. ‘బోరు నీళ్ళే అయ్యుంటాయి దాయీ, నేను మోసుకొచ్చేవాణ్ణే కదా’ అన్నాడు వాడు.

మొన్న ఆదివారం అత్త ఒక దిమ్మ తిప్పి పంపేసింది. డబ్బులు ఇవ్వనంది. పట్టా పరిచి దాని మీద దింపితేనే తీసుకుంటానంది. పక్క తట్టల వాళ్ళు మొదట ఊరుకున్నారు, తర్వాత ఇద్దరు ఆమెతో గొంతు కలిపారు. సోమవారం కుర్రాడు నీలం తార్పాలిన్ తెచ్చాడు. మంగళవారం మరిచిపోయాడు, అత్త దిమ్మ దించనివ్వలేదు, వాడు తిట్టుకుంటూ వెళ్ళి తార్పాలిన్ పట్టుకొచ్చాడు. ఆ వారంలోనే అత్త ఇంకో పని పెట్టుకుంది. ఐసు ఫ్యాక్టరీకి స్వయంగా వెళ్ళి, దిమ్మలు పోసే నీళ్ళు సీసాలో పట్టుకుని పరీక్షకు ఇస్తానంటోంది. తోడు రమ్మని వరుసలో అందరినీ అడుగుతోంది. ఇప్పటికి నలుగురు ఒప్పుకున్నారు.